నలభై తెల్ల కాగితాలు

ట్యూనిస్, బాబ్ సూయిఖా
అక్టోబరు 6

ఆమ్నా,

నువ్వు పంపిన ఆలివ్ నూనె డబ్బా అందింది. ఈ ఏటి నూనె గొంతులో గీరుకుంటోంది, అంటే మంచిదన్నమాట. డబ్బాతోపాటు డ్రైవరు ఖమీస్ ఒక వార్త కూడా దింపి పోయాడు. నా ఎడమ చెవిలో అరిచి మరీ చెప్పాడు కనక నాతోపాటు వీధి వీధంతా విన్నది.

"షాద్లీ గారూ, పోయిన గురువారం మీ మేనకోడలు నా బండిలోనే కదా వచ్చింది! పొద్దున్న దింపాను, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకున్నాను. మొహం పెళ్ళికూతురి మొహంలా వెలిగిపోతోంది."

స్ఫాక్స్ నుంచి ఇక్కడికి మూడున్నర గంటలు. తిరిగి వెళ్ళడానికి మరో మూడున్నర. మధ్యలో మిగిలిన పొద్దంతా వెతికినా నీకు మావయ్య ఇంటికి రావడానికి పావుగంట దొరకలేదు. మీ అమ్మ పోయాక నీకు నేనూ నాకు నువ్వూ తప్ప ఎవరూ లేరని నేననుకుంటున్నాను. లెక్క తప్పానేమో చెప్పు.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నాకు సగం మాటే వినపడుతుంది. మిగతా సగం నేను కల్పించుకుంటాను. మీ అమ్మతో నా ఆఖరి మూడు పోట్లాటలూ అలా వచ్చినవే. అందుకే కాగితం.

ఇక్కడి విశేషాలు చెప్పుకోదగ్గవి కావు. ఎదురు వీధి తయ్యిబ్ కొత్త బోర్డు పెట్టించాడు. కోర్టులో ప్రమాణం చేసిన అనువాదకుడు అని నా బోర్డుకి రెండింతల అక్షరాలు. చావు కాగితాన్ని పెళ్ళి కాగితంలా అనువదించగల ప్రజ్ఞావంతుడు. నేనూ ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అదే కోర్టు ముద్ర పట్టుకుని బతుకుతున్నాను. నా ముద్ర కింద ఒక్క అబద్ధం ఈ దేశం దాటలేదు. కానీ జనానికి కావలసింది పెద్ద అక్షరాలు.

ఎక్కడికి వెళ్ళావు? ఖమీస్ ఊహ పెళ్ళి సంబంధం. నా ఊహ అంతకంటే పాడుది. జవాబు రాయి.

మావయ్య


స్ఫాక్స్
అక్టోబరు 13

మావయ్యా,

ఖమీస్ నోట్లో నూనె డబ్బా మూత పెట్టి పంపాల్సింది. పెళ్ళి కాదు. నేను నిజార్ ఆఫీసుకి వెళ్ళాను. మీ దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేసి, రెండేళ్ళ కిందట బయటికెళ్ళి కెనడా వీసాల ఆఫీసు పెట్టుకున్న నిజారే. మీకు చెబితే గుమ్మంలోనే ఆపేస్తారని చెప్పలేదు.

నాకు ముప్ఫై రెండేళ్ళు. ఈ చిన్నపిల్లల బడిలో రెండేళ్ళుగా పాఠం చెబుతున్నాను. జీతం నెల నడిమధ్యకి రాదు. అక్కడ పసిపిల్లల టీచర్లు కావాలని నిజంగానే అడుగుతున్నారు. నేను నా పని మీద వెళ్ళాలనుకుంటున్నాను మావయ్యా, ఎవరి చెయ్యో పట్టుకుని కాదు. అందుకే ఆ వెలుగు.

ఆకుపచ్చ కోటు వేసుకున్న హాజర్ అనే అమ్మాయి నన్ను కూర్చోబెట్టింది. నా వయసు, చదువు, భాష అన్నీ కంప్యూటర్లో కొట్టింది. తెర మీద, వీసా వచ్చే అవకాశం తొంభై నాలుగు శాతం అని వచ్చింది. "ఇంత రావడం అరుదు మేడమ్" అంది. "ఆలోచించుకుని చెప్తాను" అన్నాను. సరిగ్గా అప్పుడే లోపలి గదిలో ఇత్తడి గంట మోగింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికో వీసా వచ్చిందట. "ఈ నెలలో మా వాటా ఇంకో ఇద్దరికే మేడమ్" అంది. ఒప్పందం ఇరవై రెండు పేజీలు. సంతకం పెట్టాల్సిన చోట్ల పసుపు చీటీలు అంటించి ఉన్నాయి, ఆ పేజీలే తిప్పింది. దాచుకున్నదంతా కట్టేశాను.

నన్ను తెలివితక్కువది అనేముందు ఒక్కమాట వినండి. నేను లేచి వచ్చేసేదాన్నే. ఆ గోడ మీద అద్దాల చట్రంలో ఒక కాగితం ఉంది. దాని కింద మీ ముద్ర, మీ సంతకం. "మా అనువాదాలన్నీ షాద్లీ గొర్బెల్ గారివే" అంది హాజర్. మావయ్య ముద్ర ఉన్నచోట అబద్ధం ఉండదని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అది చూశాకే కలం పట్టుకున్నాను.

ఆమ్నా


ట్యూనిస్
అక్టోబరు 25

ఆమ్నా,

నిన్ను తెలివితక్కువదని అనను. ఆ మాట చిన్నది.

నిజార్ నా దగ్గరికి వచ్చినప్పుడు వాడికి కామా ఎక్కడ పెట్టాలో తెలియదు. ఈ బల్ల ముందు కూర్చోబెట్టి నేర్పాను. వాడు నేర్చుకున్నది వేరు. కాగితం పట్టుకుని వచ్చేవాడి కళ్ళల్లో భయం ఎంతుందో తూచడం నేర్చుకున్నాడు. పూర్వం మన సముద్రపు దొంగలు అవతలి ఒడ్డు మనుషుల్ని పట్టుకొచ్చి, వదలడానికి సొమ్ము అడిగేవాళ్ళు. దానికి పడవలు కావాలి, ఫిరంగులు కావాలి, తుఫానులకి ఓర్చుకోవాలి. ఇప్పుడు మనుషులే నడిచివచ్చి, సొమ్ము బల్ల మీద పెట్టి, మమ్మల్ని అవతలి ఒడ్డుకి చేర్చండి అంటున్నారు. నిజార్‌కి కావలసింది ఒక గంట.

ఆ గంట సంగతి చెప్తాను. మా మంగలి హమ్మూదాని పంపాను. అరవై ఆరేళ్ళు, చదువు సున్నా, బీపీ ఉంది, కుడికాలు ఈడుస్తాడు. గంటలో తిరిగొచ్చాడు, మొహం చాటంత చేసుకుని.

"షాద్లీ! నాకు తొంభై నాలుగు వచ్చింది! బడిలో ఎప్పుడూ నాలుగు దాటలేదయ్యా!"

"గంట మోగిందా?"

"ఎందుకు మోగదు? 'మా ఆవిణ్ణి అడగాలి' అన్నాను, మోగింది. 'మోకాలు నొప్పి, చలి పడదేమో' అన్నాను, మళ్ళీ మోగింది. మూడోసారి నేను బల్ల కిందకి చూశాను. ఆ పిల్ల కాలి కింద మీట ఉంది. మా కుర్చీ ఎత్తే మీటలాంటిదే."

వాటా కూడా ఇంకా ఇద్దరికే మిగిలి ఉందట. నువ్వు వెళ్ళి నెల అయింది.

నీ ఫైలు మొత్తం కాపీ అడుగు. ప్రతి పేజీ. ఇవ్వకపోతే అక్కడే కూర్చో. ఆడది కదలకుండా కూర్చుంటే ఈ ఊళ్ళో మంత్రులే లొంగిపోయారు.

మావయ్య


స్ఫాక్స్
నవంబరు 19

మావయ్యా,

మీ ఉత్తరం నాలుగు పేజీలు. దొంగలున్నారు, పడవలున్నాయి, హమ్మూదా మోకాలుంది. గోడ మీది మీ ముద్ర గురించి ఒక్క వాక్యం లేదు. మూడుసార్లు చదివాను.

నిన్న నిజార్ ఆఫీసుకి వచ్చి కూర్చున్నాను. మళ్ళీ మీ ఇంటికి రాలేదు, ఎందుకో ఇది పూర్తిగా చదివితే మీకే తెలుస్తుంది.

నిజార్ తనే బయటికొచ్చాడు. "అక్కా, కాపీలెందుకు? డాక్టరు దగ్గరికెళ్ళి కత్తి చూపించమంటామా?" అన్నాడు. కెనడా వాళ్ళ వెబ్‌సైటులో నా పేరుతో తెరిచిన ఖాతా రహస్యపదం కూడా వాళ్ళ దగ్గరే ఉంది. "కంగారుపడేవాళ్ళ ఫైళ్ళే తిరిగొస్తాయి" అన్నాడు. నేను కుర్చీ జరుపుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళతో, "నాకు తొంభై నాలుగు వచ్చింది, మీకూ అంతే వస్తుంది చూడండి" అని మాట కలిపాను. మూడో మనిషి వెనక్కి వెళ్ళిపోయాక కాపీ చేతికొచ్చింది. హాజరే తెచ్చింది. నా మొహం చూడలేదు.

అందులో ఒక కాగితం ఇక్కడ జత చేస్తున్నాను. నేను సూసా పట్నంలో ఒక పిల్లల బడిలో మూడేళ్ళు పనిచేశానని చెబుతోంది. సూసాకి నేను వెళ్ళింది రెండుసార్లు, రెండూ పెళ్ళిళ్ళకే. అర్హతకి ఇంకా అనుభవం కావాలట, నాది చాలదట. నాకొక మాట చెప్పకుండా ఆ అనుభవం తయారు చేశారు. ఫైలు మూడు వారాల కిందటే వెళ్ళిపోయింది.

కాగితం కింద నంబరు 2214. మీ ముద్ర. మీ సంతకం.

ఇది మీరు రాశారా?

ఆమ్నా


ట్యూనిస్
డిసెంబరు 2

ఆమ్నా,

రాయలేదు. ముద్ర నాది, సంతకం నాది, రాత నాది కాదు. నా మాట నమ్ము.

ఇప్పుడు దీన్ని కదపకు. అక్కడికి రోజూ వేల ఫైళ్ళు వెళ్తాయి. ఒక పిల్లల బడి ఉందా లేదా అని ఎవడూ సూసా వచ్చి చూడడు. నువ్వే గోల చేస్తే పోయే అవకాశమే ఎక్కువ. వస్తే వస్తుంది, రాకపోతే రాదు. కొంత కాలం మౌనం మంచిది.

ఇక్కడ చలి మొదలైంది. మీ అమ్మ అల్లిన శాలువా తీశాను.

మావయ్య


స్ఫాక్స్
డిసెంబరు 6

మావయ్యా,

నాకు పదేళ్ళప్పుడు మీరు కిరాణా కొట్టు హద్దీ బోర్డు మీద తప్పు చూపించి, అతనితో నిచ్చెన తెప్పించి, దగ్గరుండి దిద్దించారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పు చూసి ఊరుకున్నవాడూ సగం రాసినట్టే" అన్నారు మీరు. ఆ మనిషి ఈ ఉత్తరం రాశాడా అని సంతకం మళ్ళీ చూసుకున్నాను. ఈమధ్య మీ సంతకం చూసి ఏదీ నమ్మే స్థితిలో లేను.

హాజర్ నాకు ఫోన్ చేసింది, ఆఫీసు బయట నుంచి. అబద్ధపు కాగితం దొరికితే తిరస్కరించడమే కాదు, ఐదేళ్ళు తలుపు మూసేస్తారట. నాకు ముప్ఫై ఏడు వస్తాయి. మోసం చేసినదాన్నని నా పేరు మీద ఉండిపోతుంది. వాళ్ళు పట్టుకునేలోపు నేనే ఫైలు వెనక్కి తీసుకుంటే, నాకు తెలియకుండా జరిగిందని రుజువు చూపిస్తే, ఒక దారి ఉంది. ఆ రుజువు ప్రపంచంలో ఒక్కరి దగ్గరే ఉంది.

బడిలో ఏదైనా పగిలితే నేను ఎవరు చేశారని అడగను. అడిగితే పిల్లలు ఒకరినొకరు చూపించుకుంటారు. ఒక్కొక్కరినీ పిలిచి, "అప్పుడు నీ చెయ్యి ఎక్కడుంది?" అంటాను. నాలుగేళ్ళ పిల్లలు కూడా ఆ ప్రశ్నకి నిజమే చెప్తారు.

రాత మీది కాదు, సరే. అప్పుడు మీ చెయ్యి ఎక్కడుంది మావయ్యా?

నా ఫైల్లో ఇక ఒక్క అబద్ధం ఉండకూడదు. నా మీద జాలితో చెప్పిందైనా సరే, వద్దు.

ఆమ్నా


ట్యూనిస్
డిసెంబరు 28

ఆమ్నా,

ఖమీస్ రెండుసార్లు వచ్చి ఉత్తరం లేకుండా వెళ్ళాడు. రెండోసారి, "ముసలాయన కలంలో సిరా అయిపోయిందా?" అని హమ్మూదాని అడిగాడట. సిరా ఉంది.

రెండేళ్ళ కిందట రంజాను నెలలో నా కళ్ళకి ఆపరేషన్ అయింది, గుర్తుందా? డాక్టరు నెల రోజులు చదవొద్దన్నాడు. ఆ నెలలోనే జనానికి కాగితాలు తొందర. మా వృత్తిలో ఒక అలవాటుంది, ఎవరూ బయటికి చెప్పుకోరు. సెలవు మీద వెళ్ళేవాడు కొన్ని తెల్ల కాగితాల మీద ముందే ముద్ర వేసి, సంతకం పెట్టి, నంబర్లు వేసి గుమాస్తాకి ఇచ్చిపోతాడు. గుమాస్తా అనువాదం టైపు చేసి ఇస్తాడు. తర్వాత రిజిస్టరులో ఎక్కించుకుంటారు. తయ్యిబ్ అలా చేస్తాడని తెలిసి వాణ్ణి పదేళ్ళు వెక్కిరించాను. ఆ నెల నేనూ చేశాను.

నలభై కాగితాలు. 2191 నుంచి 2230 దాకా. నా రిజిస్టరులో ఆ నలభై గీతలు ఈ రోజుకీ ఖాళీగా ఉన్నాయి. కట్టు విప్పాక నిజార్‌ని అడిగాను. "వాడలేదు గురువుగారూ, చింపేశాను" అన్నాడు. చింపిన ముక్కలు చూపించమని నేను అడగలేదు. రెండు నెలలకి వాడు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతైనా అడగకపోవడానికి కారణం కూడా రాస్తాను, ఎందుకంటే నువ్వు అడుగుతావు. వెళ్ళిపోయాక వాడు తన ఖాతాదారుల కాగితాలు నాకే పంపేవాడు. పుట్టుక, చదువు, పెళ్ళి, అన్నీ నిజమైనవే. ఈ రెండేళ్ళుగా నా గుమ్మం తొక్కేవాళ్ళలో సగం మంది వాడు పంపినవాళ్ళే. గోడ మీద నా ముద్ర వేలాడుతోందని నాకు ఏడాదిగా తెలుసు. కంచే చేను మేయడమంటే ఏమిటో నేను ఇంతమందికి అనువదించి చెప్పాను. నా చేను వైపు చూసుకోలేదు.

నిన్ను నోరు మూసుకోమన్నది నీకోసం కాదు. ఈ సంగతి బయటపడితే నా ముద్ర పోతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నాకు భార్యా అదే, పిల్లలూ అదే. దాని పక్కన నీ ఐదేళ్ళు పెట్టి చూశాను. ఒక వారం పాటు ముద్రే బరువుగా తోచింది. ఇది కూడా నిజమే కనక రాస్తున్నాను.

నా చెయ్యి అక్కడే ఉంది ఆమ్నా. నలభైసార్లు ఉంది.

సెలవులు కాగానే కోర్టుకి వెళ్తాను.

షాద్లీ


స్ఫాక్స్
జనవరి 5

మావయ్యా,

మీ ఉత్తరం బడిలో పిల్లలు నిద్రపోయే గంటలో చదివాను. కోపం తగ్గలేదు. కానీ ఇప్పుడు నేను కోప్పడుతున్నది నాకు తెలిసిన మనిషి మీద.

నిజార్ ఫోన్ చేశాడు. గొంతు బెల్లంలా ఉంది. "అక్కా, గొడవెందుకు? ఆ కాగితం పైకి తీస్తే పోలీసులు ముందు ఎవరి తలుపు కొడతారు? ముద్ర ఎవరిది? పెద్దాయన ఈ వయసులో జైల్లో కూర్చుంటాడు. నీకు సగం డబ్బు తిరిగిస్తాను, మర్చిపో." ఆలోచించుకుంటానన్నాను. ఈసారి గంట మోగలేదు.

నేను ఆలోచించాను కూడా, మీ దగ్గర దాచను. ఒక రాత్రంతా ఆలోచించాను. ఇది మీరే తేల్చుకోవాలి. మీరు వెళ్ళకపోతే నేను మిమ్మల్ని ఈడ్చుకెళ్ళను. అప్పుడు కాగితం నాది కాదని మాత్రం చెప్పి ఫైలు వెనక్కి తీసుకుంటాను, నమ్మితే నమ్ముతారు. ఏదైనా ఈ నెలాఖరులోపు కెనడాకి పంపాలి.

నూనె పంపుతున్నాను. ఉత్తరానికీ నూనెకీ సంబంధం లేదు.

ఆమ్నా


ట్యూనిస్
జనవరి 24

ఆమ్నా,

ఖమీస్ చేతికి ఇచ్చిన ప్లాస్టిక్ సంచీలో మూడు పత్రాలున్నాయి. కోర్టులో నేనిచ్చిన వాంగ్మూలం, దాని ఫ్రెంచి అనువాదం, నా రిజిస్టరులో ఆ ఖాళీ పేజీ నకలు. ఒళ్ళోంచి దింపొద్దని చెప్పాను. "కోడిపిల్లలు కూడా నా ఒళ్ళోనే వెళ్తాయి షాద్లీ గారూ, కాగితాలకేం" అన్నాడు.

కోర్టులో గుమాస్తా నేను చెప్పింది అరబ్బీలో రాసుకున్నాడు. ముద్ర బల్ల మీద పెట్టమన్నాడు. పెట్టాను. పిడి దగ్గర నా బొటనవేలి గుంట పడి ఉంది, అదొక్కటీ చెక్కి ఇమ్మంటే బావుండదు కదా. కేసు నడుస్తుందట. "వయసు చూసి లోపల వెయ్యరులెండి" అన్నాడు, బస్సులో సీటు ఇచ్చేవాడి గొంతుతో.

తర్వాత, "ఇది విదేశానికి పంపాలంటే ఫ్రెంచిలోకి కావాలి. ప్రమాణ అనువాదకుడి ముద్ర కావాలి" అన్నాడు. నేను బల్ల మీద ముద్ర వైపు చూశాను. వాడూ చూశాడు. దాన్ని తీసి సొరుగులో పెట్టి తాళం వేశాడు.

మా పేటలో ఇంకొక అనువాదకుడే ఉన్నాడు.

తయ్యిబ్ నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు, కొట్టడానికి వచ్చాననుకున్నాడేమో. కాగితం ఇచ్చాను. చదివాడు. కాఫీ తెప్పించాడు. మళ్ళీ చదివాడు. టైపు చేశాడు. ముద్ర ఎత్తేలోపు, "ఇలా ఇవ్వు, చూస్తాను" అన్నాను. అలవాటు, ఏం చెయ్యను. రెండు కామాలు తప్పు. వాటిని వదిలేశాను. కానీ ఒక వాక్యం లేదు.

"తయ్యిబ్, ఇక్కడొక వాక్యం పోయింది."

"పోలేదు. తీశాను."

"తియ్యడానికి అది నీ వాక్యం కాదు."

"షాద్లీ, నీ మేనకోడలికి అది అక్కర్లేదు. కాగితాలు నీ దగ్గరి నుంచి బయటికెళ్ళాయి, నిజార్ వాడుకున్నాడు. అంతవరకు చాలు. మిగతాది ఎందుకయ్యా? పరాయి దేశం వాడు చదివితే పోయేది నీ పరువే కాదు, నాదీను. మనమందరం చేశాం ఆ పని."

ముప్ఫై ఏళ్ళలో ఆ మనిషి నా మీద చూపించిన మొదటి దయ. దాన్ని కూడా తిరిగిచ్చేయాల్సి వచ్చింది. "రాయి" అన్నాను. రాశాడు. ముద్ర వేశాడు. ఫీజు తీసుకోలేదు. గుమ్మం దాకా వచ్చి, "కామాలు కూడా చెప్పొచ్చు కదా, నాకు తెలుసు నువ్వు చూశావని" అన్నాడు. చెప్పాను.

ఆ వాక్యం వాంగ్మూలం మూడో పేజీలో ఉంది. "ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టి నా చేత్తో నేనే ఇచ్చాను." నీ ఫైల్లో అది ఉండాలి.

నలభై నంబర్లూ అందులో రాయించాను. 2214 నీది. మిగతావి ఎవరివో నాకు తెలియదు.

మావయ్య


స్ఫాక్స్
మార్చి 3

మావయ్యా,

కెనడా నుంచి జవాబు వచ్చింది. నా ఫైలు వెనక్కి తీసుకున్నట్టు రాసుకున్నారు. నా మీద ఏ మచ్చా పెట్టలేదు, ఏ నిషేధమూ లేదు. కావాలంటే మళ్ళీ నేనే, నా చేత్తో, నా రెండేళ్ళ అనుభవంతో పెట్టుకోవచ్చు. అర్హత వచ్చినప్పుడు పెడతాను. ఉత్తరం చదివాక బడిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. పిల్లలు ఎందుకో తెలియకుండా వాళ్ళూ కొట్టారు.

నిజార్ ఆఫీసుకి తాళం వేసి ఉందట. ఇంకో పేరుతో ఇంకో వీధిలో తెరుస్తాడని హాజర్ అంటోంది. ఆమె ఉద్యోగం మానేసింది. మీ నంబర్ల జాబితా నేను ఆమెకి ఇచ్చాను. తనకి గుర్తున్న పేర్లన్నిటికీ ఫోన్లు చేస్తోంది.

ఇప్పటికి పదకొండు మంది దొరికారు. ఏడుగురు టైముకి వెనక్కి తీసుకున్నారు. ముగ్గురి సంగతి ఇంకా తెలియదు. మిగిలింది ఒకరు, మా ఊరి మనిషే. పేరు వాజ్దీ, కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. అతని కాగితం నంబరు 2203. అతనికి పోయిన వేసవిలోనే తిరస్కరణ వచ్చింది. ఐదేళ్ళు. అతని భార్య అప్పటికే అక్కడుంది. పాప అక్కడే పుట్టిందట. ఇంకా చూడలేదు.

నిన్న బడికి వచ్చాడు. పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని మీ వాంగ్మూలం మొత్తం చదివాడు. మూడో పేజీ దగ్గర ఆగాడు. మీ అడ్రసు అడిగాడు.

గురువారం ఖమీస్ బండిలో ఇద్దరం వస్తున్నాం. ఈసారి మీ గడప తొక్కకుండా తిరిగి రాను. అతను ఏం అడుగుతాడో, మీరు ఏం చెప్తారో నాకు తెలియదు. మావయ్యకి సరిగ్గా వినపడదు, ఏమన్నా అనాలంటే రాసి ఇవ్వండి అని చెప్పాను.

"ఫరవాలేదు," అన్నాడు. "గట్టిగానే మాట్లాడతాను."

ఆమ్నా